ఒక రేడియేటర్ ఫ్యాను ఆత్మకథ

రాజాంలో తిరిగే ఒక పెట్రోలు కారులో, రేడియేటర్ వెనుక బిగించి ఉన్న విద్యుత్ ఫ్యాను తన జీవితాన్ని చెప్పుకొంటున్న కథనం ఇది. తనను తాను అది 'ఈ ఫ్యాను' అనే చెప్పుకొంటుంది. దీని పుట్టుకకు కారణం వేడి. పెట్రోలు మండినప్పుడు వెలువడే శక్తిలో కారును నడపడానికి ఉపయోగపడేది సుమారు మూడో వంతుకు లోపే కాగా, మిగిలినదానిలో కొంత పొగగొట్టం గుండా, మరికొంత కూలెంట్ ద్వారా బయటికి పోవాలి. కూలెంట్ అంటే నీటిలో గ్లైకాల్‌ను, తుప్పు పట్టనివ్వని రసాయనాలను కలిపిన ద్రవం; అది ఇంజన్‌లోని వేడిని గ్రహించి, రేడియేటర్‌లోని సన్నని గొట్టాల గుండా పారుతూ ఆ వేడిని గాలికి వదిలి, తిరిగి ఇంజన్‌లోకి చేరుతుంది. ఆ గొట్టాల మధ్యనుంచి గాలిని లాగడమే ఈ ఫ్యాను వృత్తి.

దీని పూర్వీకులకు ఇంత స్వేచ్ఛ లేదు. అంబాసిడర్ వంటి పాత కార్లలో ఇంజన్ కారు పొడవునా, రేడియేటర్‌కు ఎదురుగా ఉండేది కాబట్టి, ఫ్యాను బెల్టు సాయంతో ఇంజన్ తిరిగినంతసేపూ తిరిగేది. 1983 డిసెంబరులో రోడ్డెక్కిన మారుతి 800లో ఇంజన్‌ను అడ్డంగా అమర్చి, ముందు చక్రాలకే శక్తినిచ్చారు. అటువంటి అమరికలో బెల్టు రేడియేటర్‌కు ఎదురుగా రాదు గనుక, బ్యాటరీ కరెంటుతో విడిగా తిరిగే ఫ్యాను అవసరమైంది. ఆ మార్పువల్ల అవసరం లేనప్పుడు ఫ్యాను తిరగడం, దానితో శక్తి వృథా కావడం తప్పాయి. అయితే ఫ్యాను తిరగాలంటే అనేక భాగాలు ఒకదాని తరువాత ఒకటి సరిగా పనిచేయవలసిన పరిస్థితి కూడా వచ్చింది.

ఆ వరుసలో మొదటిది కూలెంట్ వేడిని కొలిచే సెన్సర్. వేడి పెరిగేకొద్దీ దాని విద్యుత్ నిరోధం తగ్గుతుంది. ఆ నిరోధాన్ని చదివి, చాలా కార్లలో 95 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో ఫ్యానుకు ఆజ్ఞ ఇచ్చేది ఇంజన్ కంప్యూటర్. ఆ ఆజ్ఞతో వచ్చే చిన్న కరెంటును ఆధారంగా చేసుకొని మోటారుకు కావలసిన పెద్ద కరెంటును కలిపే స్విచ్చు రిలే. కరెంటు హద్దు మీరినప్పుడు కరిగిపోయి వైర్లను కాపాడేది ఫ్యూజ్. మోటారునుంచి కరెంటు తిరిగి బ్యాటరీకి చేరే దారి ఎర్త్. వీటిలో ఏ ఒక్కటి చెడినా ఫ్యాను ఆగిపోవచ్చు, నింద మాత్రం మోటారుమీద పడుతుంది.

చిలకపాలెంనుంచి రాజాం, రామభద్రపురంమీదుగా రాయగడవైపు సాగే రాష్ట్ర రహదారిమీద కారు వేగంగా పోతున్నప్పుడు ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లబరుస్తుంది గనుక ఈ ఫ్యానుకు పని తక్కువ. మే నెల ఎండలో, రాజాం బజారులో లారీల వెనుక నత్తనడకన సాగేటప్పుడే దీని అవసరం తెలుస్తుంది. అందువల్ల కారు నిలిచి ఉన్నప్పుడు మాత్రమే ఇంజన్ హీటెక్కితే ముందుగా ఫ్యానును, దాని కరెంటు దారిని అనుమానించాలి. వేగంగా పోతున్నప్పుడు కూడా హీటెక్కితే కూలెంట్ తగ్గిందా, కూలెంట్ దారిని తెరిచే థర్మోస్టాట్ మూసుకుపోయిందా, వాటర్ పంపు చెడిందా, రేడియేటర్ పూడిపోయిందా అని చూడాలి.

ఒక వేసవిలో ఈ ఫ్యానుకూ ఆ నింద తప్పలేదు. కూలెంట్ మరిగి ఆవిరి వస్తున్నా మీటరు ముల్లు మామూలు చోటే ఉండగా, మోటారు కాలిపోయిందని, కొత్తది వేయాలని ఒక షెడ్డులో తీర్మానించారు. అక్కడికి వచ్చిన ఒక ఆటో ఎలక్ట్రీషియన్ ముందు ఏసీ వేయమన్నాడు. ఏసీ వేయగానే, సెన్సర్ చెప్పే వేడితో పని లేకుండా, ఈ ఫ్యాను తిరిగింది. ఆ ఒక్క పరీక్షతో మోటారు, ఫ్యూజ్, రిలే, ఎర్త్ నాలుగూ బాగున్నాయని తేలి, అనుమానం సెన్సర్ దారికి మళ్ళింది. సెన్సర్ సాకెట్‌లో తేమవల్ల పచ్చని చిలుము పట్టి నిరోధం పెరగడంతో, మరుగుతున్న ఇంజన్‌ను కంప్యూటర్ మామూలు వేడిలోనే ఉన్నట్లు లెక్కగట్టింది. చిలుము తీసి సాకెట్‌ను బిగించాక ఫ్యాను వేళకు తిరిగింది.

ఏసీ వేసినా తిరగనప్పుడు పరీక్షల వరుస ఇలా సాగాలి. ముందు ఫ్యూజ్ చూసి, తరువాత అదే రకం రిలేను హారన్‌నుంచి తీసి మార్చి చూడాలి. ఆపైన మోటారు సాకెట్ విప్పి, బ్యాటరీనుంచి నేరుగా 12 వోల్టుల కరెంటు ఇవ్వాలి. అప్పుడు తిరిగితే లోపం వైర్లలోనో, ఆజ్ఞ అందే దారిలోనో ఉన్నట్లు, తిరగకపోతే మోటారే చెడినట్లు. రెక్కలకు దూరంగా, కర్రతో మెల్లగా తట్టినప్పుడు మాత్రమే తిరిగే మోటారులో కార్బన్లు, అంటే తిరిగే భాగానికి కరెంటు అందించే బ్రష్షులు, అరిగి ఉండవచ్చు. తిరుగుతున్నా బలం చాలకపోతే, ఫ్యాను నడుస్తుండగా బ్యాటరీ నెగటివ్‌కు, మోటారు ఎర్త్ వైరుకు మధ్య వోల్టేజీ కొలవాలి. అర వోల్టు దాటితే ఎర్త్ దారిలో లోపం ఉన్నట్లే. రెండు వేగాల ఫ్యానులో తక్కువ వేగం ఒక్కటే పోతే, కరెంటును తగ్గించే రెసిస్టర్‌ను చూడాలి. ఇంజన్ చల్లగా ఉన్నా ఫ్యాను ఆగకపోతే రిలే పాయింట్లు అతుక్కుపోయి ఉండవచ్చు, లేదా సెన్సర్ సాకెట్ ఊడి, కంప్యూటర్ జాగ్రత్తకోసం ఫ్యానును తిప్పుతుండవచ్చు.

కరిగిన ఫ్యూజ్ స్థానంలో ఎక్కువ ఆంపియర్లది గాని, తీగముక్క గాని పెట్టడం కారుకు నిప్పు పెట్టుకోవడమే. వేడిమీదున్న రేడియేటర్ మూత తీస్తే, ప్రెజర్ కుక్కర్‌లోలా ఒత్తిడికి లోబడి ఉన్న కూలెంట్ ఒక్కసారిగా పొంగి ముఖాన్ని కాలుస్తుంది. కొన్ని కార్లలో తాళం తీశాక కూడా ఫ్యాను దానంతటదే తిరగవచ్చు గనుక, బ్యాటరీ విప్పకుండా రెక్కల దగ్గర చేయి పెట్టకూడదు.

ఈ ఫ్యాను వాహనదారులను కోరేవి రెండే: ఆగిన ఫ్యానును విప్పేముందు దానికి ఆజ్ఞ, కరెంటు, ఎర్త్ మూడూ అందుతున్నాయో లేదో పరీక్షించమని మెకానిక్‌ను అడగండి, ఇంజన్ హీటెక్కిందని తెలిసిన క్షణాన కారు ఆపి, చల్లారేదాకా ఆగండి.