ఏకాదశగ్రహం

గ్రహములు తొమ్మిదని జ్యోతిషము చెప్పుచుండగా, అల్లుని పదవ గ్రహముగా గణించి మన పెద్దలు లోకానుభవమును శాస్త్రమునకు జోడించిరి. పదునొకండవ గ్రహమొకటి ఇటీవల మా పావగడ తాలూకాలో ఇంటింటను ప్రవేశించి, దీపపు గుబ్బలోను, ఫోను ఛార్జరులోను, ఫ్యాను రెగ్యులేటరులోను, టీవీ వెనుక వ్రేలాడు నల్లని డబ్బాలోను స్థిరనివాసమేర్పరచుకొని, నిరాటంకముగా ఏలుబడి సాగించుచున్నది. ఊరిలోని శనైశ్చరస్వామి సన్నిధికి ఏలినాటి బాధ తొలగించుకొనుటకై ఆంధ్ర కర్ణాటకముల నలుమూలల నుండి జనులు వచ్చి, నువ్వులనూనె దీపములు వెలిగించి పోవుచుందురు. ఆ దీపముల వలన ఏ రేడియోకును హాని కలిగినట్లు నేనెరుగను. మ్రొక్కు తీర్చుకొని ఇల్లు చేరిన పిమ్మట మీట నొక్కి వెలిగించు తొమ్మిది వాట్ల దీపముననే యున్నది చిక్కంతయు.

కన్నడ రాష్ట్రమున నుండి తెలుగు మాటాడు తాలూకా మాది. మూడు వైపుల ఆంధ్రదేశము, నాలుగవ వైపున మా ప్రభుత్వము. అందుచేత మా పెద్దల రేడియో ముల్లు రెండు తావుల నడుమ నడయాడుటకు చిరకాలము నుండి అలవాటుపడినది: 612 కిలోహెర్ట్జుల చోట బెంగుళూరు, 900 చోట కడప. వేరుసెనగకు వచ్చిన తెగులు ఏదో కన్నడ కృషిరంగము వలన తెలిసికొని, తెలిసికొన్న దుఃఖము మరచుటకై తెలుగు పాట కొరకు కడపకు ముల్లు త్రిప్పు గృహస్థునకు, 1963లో ఆ కేంద్రము వెలసినది మొదలు, భాషలు రెండైనను పెట్టె ఒక్కటియే. ఇప్పుడా రెంటి నడుమ మూడవ భాషయొకటి వచ్చి చేరినది. దానికి లిపి లేదు, వ్యాకరణము లేదు, విరామము అసలే లేదు. సంధ్యాదీపము పెట్టు వేళకు గుర్రుమని ఆరంభించి, ఇంటిల్లిపాదియు నిద్రించు వరకు ఆ ఒక్క అక్షరమునే వల్లించుచు, కన్నడ వార్తలను తెలుగు కీర్తనలను సమానముగ మ్రింగివేయుచున్నది.

ఈ భాష పుట్టుక తెలియవలెనన్న దీపపు అడుగుభాగము విప్పి చూడవలెను. మన గోడలలో పారు కరెంటు సెకనుకు 50 ఆవర్తములు గలది. ఎల్‌ఇడికి అది పనికిరాదు గనుక, లోపలి చిన్న సర్క్యూట్ పలక దానిని ఒకే దిక్కున పారు ప్రవాహముగా మార్చి, ఆ ప్రవాహమును సెకనుకు పదుల వేలసార్లు తెంపుచు కలుపుచు, తనకు వలసిన పాలునకు దించుకొనును. ఇట్లు తెంపుటలోనే పొదుపున్నది. ఇట్లు తెంపుటలోనే పాపమును ఉన్నది. ఏలయన, నిట్టనిలువుగా తెగిన ప్రతి ప్రవాహమును తన మూలసంఖ్యకు రెండింతలు, మూడింతలు, పదింతలు, ముప్పదింతలు గల తరంగములను వరుసగా కని ఇంటి తీగలకు అప్పగించును. తీగలు, తమ్మెవరును కోరకున్నను, ఏరియలు పని చేయును. సెకనుకు 36 వేలసార్లు తెంపు పలకయొకటి మన కర్మమున దొరికినదనుకొందము. 36ను 17 చేత గుణింపుడు, 612 వచ్చును. 25 చేత గుణింపుడు, 900 వచ్చును. బెంగుళూరును కడపయు ఒకే దెబ్బకు కూలినవి! 1956లో భాషాప్రయుక్త రాష్ట్రములను విభజించి మమ్ము ఈ వైపున వదలిన మహానుభావులకు కూడ సాధ్యపడని నిష్పక్షపాతము ఈ దీపమునకు సాధ్యమైనది. కన్నడమునకెంత ద్రోహమో తెలుగునకును అంతే. నిజము చెప్పవలెనన్న, సంతలో దొరకు పలకలకు ఒక సంఖ్యపై నిలుచునంతటి శీలము కూడ లేదు; వేడిమికి జారుచు, వోల్టేజికి తూలుచు, త్రోవలో నున్న ఏ కేంద్రమును విడువక పలుకరించి పోవుచుండును.

దీని నరికట్టు ఉపాయము దేవరహస్యము కాదు. విద్యుత్పరికరముల రొదకు హద్దులు నిర్ణయించి రేడియోను కాపాడుటకై 1934లోనే దేశముల ప్రతినిధులు పారిస్‌లో కూడి సిస్పర్ అను సంఘముగా ఏర్పడిరి. కరెంటు ప్రవేశించు చోట ఒక తీగచుట్టయు, ఒకటి రెండు కెపాసిటర్లును ఉంచినచో రొదలో అధికభాగము లోపలనే అణగిపోవును. పేరుగల తయారీదారులలో కొందరు వాని నుంచుచున్నారనుటకు సందేహము లేదు. కాని ఆ చుట్టకును ఆ కెపాసిటరుకును పలకపై చోటు వదలి, చోటునకు గురుతు కూడ అచ్చువేసి, వస్తువును మాత్రము పెట్టక ఆ కొద్ది రూపాయలు మిగుల్చుకొనిన దీపములు బజారున కొల్లలు. ద్వారబంధము నిలిపి, పసుపు కుంకుమలు పెట్టి, తలుపు బిగించుట మరచిన మేస్త్రీ పనికిని ఈ పనికిని భేదమేమి?

ఇక్కడ పూర్వకాలపు ధర్మమొకటి జ్ఞప్తికి తెచ్చుకొనక తప్పదు. 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టము క్రింద ఇంట రేడియో ఉంచుకొనుటకు లైసెన్సు కావలసియుండెను. తపాలా కార్యాలయమునకు పోయి, ఏటేట రుసుము చెల్లించి, చిన్న పుస్తకమున ముద్ర వేయించుకొననిదే త్యాగరాయ కీర్తన వినుటయు నేరమే. ఒక్క మాటయైన ఆకాశమునకు పంపక, వచ్చినదానికి చెవి యొగ్గి ఊరకుండు మానవుని యెడల ప్రభుత్వమునకు నాడంత అనుమానము. 1980 దశాబ్దమున ఆ లైసెన్సు రద్దయి శ్రోతకు విముక్తి కలిగినది, సంతోషమే. కాని ఆ ముద్ర వేయు చేతికి పని లేకపోయిన కాలముననే, అనుమతి లేక, ఆహ్వానము లేక, మీడియం వేవ్ అంతటను ప్రసారము చేయు కేంద్రములు ఇంటికి పది చొప్పున వెలసినవి. వినువానికి చీటీ కావలసిన యుగమున పుట్టి, గోల చేయువానికి ఏ చీటీయు అక్కరలేని యుగమున ముసలివారమగుట మా తరము వారి ప్రత్యేక భాగ్యము.

ఇంతకును, రొదకు కారణమేమని మా ఊర నెవరినైన అడిగి చూడుడు. మొదటి చేయి తిరుమణి వైపు చూపును. తిరుమణి, బళసముద్రము, క్యాతగానచెర్లు, వళ్ళూరు, రాయచెర్లు, ఈ ఐదు గ్రామముల పొలములలో సుమారు 13,000 ఎకరములు కౌలునకు గొని, అద్దపు పలకలు పరచి, శక్తిస్థలమని నామకరణము చేసి, 2018 మార్చిలో ప్రారంభోత్సవము జరిపి, 2,050 మెగావాట్ల వరకు పెంచిన సౌరవిద్యుత్ క్షేత్రమది. అన్ని అద్దములు ఆకాశమును చూచుచుండగా ఆకాశవాణి ఏ దారిని వచ్చునని వాదించువారిని నేనెరుగుదును. ఈ వాదమునకు సౌందర్యమున్నది, అర్థము లేదు. అద్దములు మూగవి. ఏకముఖ ప్రవాహమును మార్చు ఇన్వర్టర్లకు తెంపుకలుపుల స్వభావము కలదు, కాదనను. వాని ప్రక్కన నిలిచి రేడియో పెట్టినవానికి రొద తగలవచ్చును. కాని మీడియం వేవులో ఇట్టి రొద దగ్గరిచుట్టమే గాని దూరపు బాటసారి కాదు: మూలమునకు ఒకటి రెండు వందల అడుగుల లోపల, దూరము రెట్టింపైన కొలది బలము ఎనిమిదవ వంతునకు పడిపోవును. మైళ్ళకావల నున్న తిరుమణిని నిందించువాని తలపై, మూరెడు దూరమున, సంతలో కొన్న దీపము చిరునవ్వుతో వెలుగుచుండును.

రెండవ చేయి సెల్ టవరు వైపు చూపును. దానిని గూర్చి వ్రాయుటకు పూనిన కాగితము చాలదు. మూడవది, కొంచెము సంకోచముతో, స్వామి గుడి వైపు, అనగా ఆకాశమున నున్న శనిగ్రహము వైపు, చూపును. దీనికి సరిగా ఎదురైన కథ యొకటి కలదు. 1942 ఫిబ్రవరిలో ఇంగ్లండు తీరపు రాడార్లను రొద ముంచెత్తగా, ఇది జర్మనుల మాయయని సైన్యము కలత చెందినది. జె.ఎస్. హే అను శాస్త్రజ్ఞుడు ఆయా స్థలముల లెక్కలు తెప్పించి, రొద వచ్చు దిక్కు సూర్యునితో కూడ కదలుచున్నదని కనిపెట్టి, దోషి ఆకాశమున నున్నాడని నిర్ణయించెను. మా వారు ఆ కథను తలక్రిందులు చేసిరి. దోషి ఇంట నుండగా ఆకాశము నిందకు గురియగుచున్నది. ఒక విధముగ ఇది మా ఊరికి తగినదే. సూర్యుని వెలుగు తిరుమణిలో అద్దములలో పడుచున్నది. సూర్యుని కుమారుడు పావగడలో కొలువై యున్నాడు. మాకు దక్షిణమున గౌరీబిదనూరులో 1970 దశాబ్దము నుండి శాస్త్రజ్ఞులు ఆంటెన్నాల తోట పెంచి, ఆ సూర్యుని రేడియో ధ్వనిని శ్రద్ధగా ఆలకించుచున్నారు. ఇంతటి సౌరవైభవము నడుమ కాపురముండి, కడప వినబడకపోవుటకు కారణము నూరు రూపాయల బల్బని ఒప్పుకొనుట ఎవరికైనను నామోషీ కాదా?

నిజము తేల్చుకొనుట మిక్కిలి సులభము. బ్యాటరీతో నడచు ట్రాన్సిస్టరును కేంద్రమేదియు లేని తావున నిలిపి, రొద పెంచి, ఇంటి మెయిన్ స్విచ్చి దింపవలెను. రొద చచ్చినచో దొంగ ఇంటివాడే. తరువాత ఒక్కొక్క మీటయే ఎత్తుచు పోయిన దొంగ పేరు కూడ తెలియును. రేడియోను అటునిటు త్రిప్పి చూచిన, లోపలి ఫెర్రైటు కడ్డీ ఏ దిక్కునకు మొన చూపినపుడు రొద సన్నగిల్లునో, దొంగ ఆ దిక్కున గాని దానికి నేరుగా ఎదురు దిక్కున గాని ఉన్నాడన్న మాట. ఇంతటి తేలిక పరీక్షయు మా తాలూకాలో ఒక్క ఇంటను సాగదు. మెయిన్ అనగానే సీరియలు చూచు అత్తగారు ప్రళయము వచ్చినట్లు చూచును, ఫోనులో నాలుగు శాతము మిగిలిన కుమారుడు తండ్రి బుద్ధిస్థిమితమును శంకించును, ఫ్రిజ్జు తలుపునకు అడ్డముగ నిలిచి ఇల్లాలు, "ఆ రేడియోనే పారేస్తే సరిపోదా?" యని తీర్పు చెప్పును. దైవికముగా, ఈ పరీక్షను కరెంటు కోత రూపమున విధి అప్పుడప్పుడు ఉచితముగ జరిపించుచుండును. ఊరంతయు చీకటియైన ఉత్తరక్షణమున బెంగుళూరు గొంతు సవరించుకొని పలుకును. కడప, పక్కింట కూర్చున్నంత స్పష్టముగా పాడును. దేశమునకు వేల మెగావాట్లు దానము చేయు తాలూకాలో రేడియో చక్కగా వినవలెనన్న కరెంటు పోవలెను! కరెంటు రాగానే పిల్లలు హోయని కేక వేయుదురు. ఆ కేకయే ఆ రాత్రికి కడప కేంద్రపు కడపటి ప్రసారము.

శాంతులు లేవా యన్న, కలవు. లేని గ్రహమునకు కలవు. ఫోను వీపున అంటించిన రేడియేషన్ హరించునను బిళ్ళలు పట్టణములలో విక్రయింపబడుచున్నవి. 2020 అక్టోబరులో రాష్ట్రీయ కామధేను ఆయోగ్ అధ్యక్షులు ఆవుపేడతో చేసిన చిప్పును పత్రికలవారి యెదుట ఆవిష్కరించి, అది ఫోను రేడియేషనును మిక్కిలి తగ్గించునని సెలవిచ్చిరి. ఆధారములు చూపుడని వందలాది శాస్త్రజ్ఞులు లేఖ వ్రాసి అడిగిరి. గోవు మీద నాకు భక్తి కలదు. దానిని ఇన్ని పనులకు పిలుచువారి మీద లేదు. చిత్రమేమన, నిజముగా పనిచేయు తాయెత్తు ఒకటి మన యిండ్లలోనే కలదు: లాప్‌టాప్ తీగకు చివర ఉబ్బెత్తుగా కనబడు ఫెర్రైటు పూస. తీగ వెంట పారు అధిక పౌనఃపున్యపు రొదకు అది అడ్డుకట్ట. దానిని మా ఊర ఎవరును పూజింపరు, దాని పేరెవరికిని తెలియదు. "ఈ గుండు ఎందుకు, సంచిలో పట్టదు" అని కత్తిరించి, తీగను అతుకవేసి, ఆ చేతితోనే ఫోనుకు బిళ్ళ అంటింతురు.

ఇంత వ్రాసిన పిమ్మట, ఈ కాలమున రేడియో ఎవరు విందురను ప్రశ్న రానే వచ్చును. ఇది ప్రశ్న కాదు, పథకము. రొదను తగ్గించుటకు ఖర్చు కలదు, వినువారిని తగ్గించుటకు లేదు గదా! పశ్చిమదేశముల మోటారు కంపెనీల తెలివి ఇందుకు నిదర్శనము. విద్యుత్ కార్లలోని మోటార్లు రొద చేసి మీడియం వేవును చెరచుచున్నవని తెలియగానే, బి.ఎం.డబ్ల్యూ. మొదలగువారు కొన్ని కార్లలో మోటారును మందలింపక రేడియోలో ఆ బ్యాండునే తొలగించిరి. ఫోర్డు కంపెనీ 2023లో అదే త్రోవ తొక్కబోయి, అమెరికా శాసనసభ్యులు కన్నెఱ్ఱ చేయగా ఆ ఏడు మే నెలలో వెనుదిరిగినది. పులి మేకను తినుచున్నదని మేకల మందనే రద్దు చేసిన ఈ ప్రజ్ఞ పశ్చిమదేశముల సొత్తని నేను భ్రమపడుచుంటిని; అది మా సంతలోనే దొరకునని ఒక అంగడి మెట్లపై తెలిసినది.

మా ఊరి పెద్దాయన యొకడు, ఏండ్లుగా వెంటనున్న ట్రాన్సిస్టరును చంకన పెట్టుకొని, ఎలక్ట్రికల్ సామానుల అంగడి ముందు నిలిచి, "ఏమప్పా, నీ దెగ్గర బల్బు కొన్నప్పట్నించి దీంట్లో ఒకటే గుర్రుమంటాంది" అని మొరపెట్టుకొనెను. అంగడివాడు ట్రాన్సిస్టరును ఒక చేత, బల్బును మరొక చేత పట్టి, లోకజ్ఞత గల న్యాయాధిపతి వలె రెంటిని పరికించి, ట్రాన్సిస్టరునే దోషిగ నిర్ణయించెను. "పాతదైపోయిందన్నా, ఇంగ దీన్ని మూలకెయ్యి. ఇదో, కొత్త మాల్ వచ్చింది చూడు. సోలారు చార్జింగు, ఎల్‌ఇడి లైటు, బ్లూటూతు, పెన్‌డ్రైవు, అన్నీ ఇందులోనే."

పెద్దాయన దానిని అటు త్రిప్పి ఇటు త్రిప్పి, ముల్లు కొరకు వెదకి, కానరాక, "మీడియం వేవు యాడుందప్పా దీంట్లో?" అని అడిగెను.

"అది తీసేసినారు కదన్నా. ఇంగ గోలే లేదు."