షిఫ్టు దిగుతున్న గైడు చెప్పే చిట్కాలు

తమ్మీ,

నీకు గైడ్‌షిప్ వచ్చిందని విన్నాను. వచ్చే నెల నేను రిటైరవుతున్నాను గనక, నా దగ్గర మిగిలిపోయిన ఒక్క స్కాలర్‌ని నీ పేరు మీదికి మార్చారని కూడా విన్నాను. మనిద్దరిదీ బెల్లంపల్లే. మా నాయన శాంతిఖని బొగ్గుబాయిలో మైనింగ్ సర్దార్. షిఫ్టు మారేటప్పుడు ఎక్కివచ్చే సర్దార్, దిగబోయే సర్దార్‌కు బాయి సంగతి ఒప్పజెప్పాలి. పైకప్పు ఎక్కడ వదులైంది, నీళ్ళెక్కడ ఊరుతున్నాయి, ఎటు మనుషుల్ని పంపొద్దు, అన్నీ. ఆ లెక్కనే నా ముప్పై ఏళ్ళ గైడుతనాన్ని నీకు ఒప్పజెబుతున్నాను. చెప్పినట్టు నడుచుకో, చేతికి మసి అంటదు.

ముందు లెక్క తేల్చుకో. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం ప్రొఫెసర్‌కు ఎనిమిది మంది, అసోసియేట్‌కు ఆరుగురు, నీలాంటి అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు నలుగురు. అంతకు మించొద్దు అని దాని అర్థం. నువ్వు మాత్రం అంతకు తగ్గొద్దు అని చదువుకో. మొదటి ఏడాదే నలుగురినీ నింపెయ్. వాళ్ళు ఏం చేయాలనుకుంటున్నారు, ఆ విషయం నీకు వచ్చా రాదా అన్నవి తర్వాతి సంగతులు. జేఆర్‌ఎఫ్ వచ్చినవాళ్ళుంటే ఇంకా మంచిది. 2023 జనవరి నుంచి అది నెలకు 37,000 రూపాయలు. డబ్బు వాళ్ళదే, కాని నీ సంతకం లేనిదే కదలదు. గైడు చేతిలోని అసలు ఆయుధం ఆ సంతకమే, చదువు కాదు.

సంతకం ఎప్పుడూ అడిగిన రోజు పెట్టొద్దు. నా స్కాలర్ కాగజ్‌నగర్ నుంచి వచ్చే పొద్దుటి రైలెక్కి, టిఫిన్ డబ్బా పట్టుకుని వచ్చేది. వరండాలో బల్ల చూపించేవాణ్ని. మూడింటికి బయటికొచ్చి, "ఇయ్యాల స్టాంపు లేదమ్మా, సోమవారం రా" అనేవాణ్ని. సంక్రాంతికి సకినాలు తెచ్చిన నెలలో మాత్రం స్టాంపు వెంటనే దొరికింది, దాన్ని యాదృచ్ఛికమనుకో. వరండాలో కూర్చున్నంత సేపూ ఆమె ఒక నోట్‌బుక్కులో ఏదో రాసుకునేది. ఏం రాస్తున్నావని నేనెప్పుడూ అడగలేదు. స్కాలర్ ఏం రాస్తోందో అడగడం మొదలుపెడితే చదవాల్సి వస్తుంది.

ఇక టాపిక్. ఇక్కడే కొత్త గైడ్లు బోల్తా పడతారు, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

ఆమె మొదటి రోజే టాపిక్ తయారుచేసుకుని వచ్చింది. బొగ్గుబాయి మాటలు. వాళ్ళ నాయన ఫిల్లర్, తట్టా చెమ్మస్‌తో టబ్బులు నింపినవాడు. "చెమ్మస్ అనే మాట ఎక్కడిది సార్, హిందీ చమ్మచే బాయిలకు దిగి పార అయిందా?" అంది. మస్టర్ అంటే హాజరు పుస్తకం, మరి 'మస్టర్ పడ్డది' అంటే ఆ రోజు ఇంట్లో పొయ్యి వెలిగినట్టే కదా, ఆ అర్థం ఏ నిఘంటువులో ఉందని అడిగింది. సెలవు రోజును ప్లేడే అంటారు, ఆ రోజు పని దొరికితే కూలి ఎక్కువ గనక దాని కోసమే కొట్లాడతారు. పేరేమో ఆట, మనిషేమో బాయిలో. ఇంగ్లీషు దొరల మాట, హిందుస్తానీ మాట, మన ఊరి యాస మూడూ ఒకే టబ్బులో పడి పైకొచ్చిన భాష ఇదని ఆమె వాదన. భద్రిరాజు కృష్ణమూర్తి గారి మాండలిక వృత్తిపదకోశంలో 1962లో వ్యవసాయానికీ 1971లో చేనేతకూ సంపుటాలు వచ్చాయి, బాయిపనికి ఎందుకు ఉండొద్దు సార్ అంది. బిరుదురాజు రామరాజు గారు జానపద గేయాల మీద ఉస్మానియాలో డాక్టరేట్ తీసుకున్నది 1956లో, ఇన్నేళ్ళకు కూడా మనం జనం నోటి మాటకు భయపడాలా అని కూడా అంది.

ప్రశ్న మంచిదే, అందుకే ప్రమాదం. గైడుకు తెలియని విషయం స్కాలర్ ఎంచుకుంటే గైడు కూడా చదువుకోవాలి. నాకు అప్పటికి ప్రొఫెసర్‌షిప్ వచ్చేసింది, ఇక చదవడమెందుకు? నా దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉండే టాపిక్ ఇచ్చాను: ఖండకావ్యాల్లో ప్రకృతి వర్ణన, ఒక సమగ్ర పరిశీలన. అంతకుముందు ఇద్దరికి ఇచ్చిందే, కవుల పేర్లు మార్చాను. రెండేళ్ళు బతిమాలాక సరే, నీ బొగ్గే చేసుకో అన్నాను. చివర 'ఒక పరిశీలన' తగిలించాకే సంతకం పెట్టాను.

తొందర పెట్టకు, తొందర పడనీయకు. ఆమె బెల్లంపల్లి బస్తీల్లో తిరిగి, పాత ఫిల్లర్లూ కోల్‌కట్టర్లూ టింబర్‌మెన్లూ నలభై మంది పేర్లతో జాబితా తెచ్చింది. అందరూ డెబ్బై దాటినవాళ్ళే, సగం మంది మాట్లాడుతూ దగ్గుతారు. వెంటనే రికార్డు చేయాలంది. సినాప్సిస్ ఆమోదం కాకుండా ఫీల్డ్‌వర్క్ ఏమిటని ఆపాను. బాయిలు మూతపడ్డాయి సరే, మాటలు ఎక్కడికి పోతాయి? సినాప్సిస్ నా టేబుల్ మీద పద్నాలుగు నెలలుంది. ఆ లోపల ఆమె జాబితాను మూడుసార్లు కొత్తగా ఇచ్చింది. మూడోసారికి పదకొండు పేర్ల పక్కన చిన్న అడ్డగీత ఉంది. టైపింగ్ తప్పనుకుని పదకొండూ ఎర్రసిరాతో కొట్టేసి, 'ముద్రణ దోషాలు సరిచూసుకోవలెను' అని రాశాను. ఎర్రసిరా పెన్నులు రెండు కొనిపెట్టుకో, చాలా పనికొస్తాయి.

చాప్టర్ ఇచ్చినప్పుడు మూడో పేజీ దాకా చదువు. అక్కడ ఒక దీర్ఘం, ఒక కామా దిద్దు. 'భాష మెరుగుపడాలి, మళ్ళీ రాయండి' అని చివర రాయి. ఏం మెరుగుపడాలో చెప్పొద్దు. చెబితే మెరుగుపరుస్తారు, మళ్ళీ పట్టుకొస్తారు.

మా నాయన ఉన్నప్పుడు ఒకసారి అడిగాడు. "నీ నౌకరీల నువ్వేం జేస్తవ్ రా?"

"పిల్లలకు తొవ్వ జూపిస్త నాయనా."

"ముందుగాల నువ్వు దిగి సూసొస్తవా?"

"లేదు, వాళ్ళే దిగుతరు. నేను రిపోర్టు మీద దస్కత్ పెడ్త."

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. సర్దార్ షిఫ్టుకు ముందే దిగి పైకప్పును కర్రతో తట్టి చూస్తాడు. గట్టి రాయి ఖంగుమంటుంది, వదులు రాయి బోలుగా డప్పులా మోగుతుంది. దీపం పెట్టి గ్యాసు చూస్తాడు. చూసింది పుస్తకంలో రాసి సంతకం పెట్టాకే మనుషుల్ని లోపలికి వదులుతాడు. "సూడకుంట దస్కత్ పెడితే మా బాయిల సర్టిఫికెట్ గుంజుకుంటరు" అన్నాడు చివరికి. పాతకాలం మనిషి. మనకు అలాంటి బాధలు లేవని ఎంత చెప్పినా నమ్మలేదు.

కమిటీల గురించి భయపడకు. సెమిస్టర్‌కోసారి స్కాలర్ పరిశోధనా సలహా కమిటీ ముందు ప్రగతి చూపించాలని నిబంధన. మిర్చీలు, చాయ్ చెప్పించు. ఐదో నిమిషంలో 'సంతృప్తికరం' అని రాసేస్తారు. ఆ ఒక్క మాటతో ఎందరు స్కాలర్లు ఎన్నేళ్ళు బతికారో!

కాపీ సంగతి సాఫ్ట్‌వేర్‌కు వదిలెయ్. 2018 నిబంధనల్లో పోలిక 10 శాతం దాకా శిక్ష లేదు, 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. కొటేషన్ ఎలా పెట్టాలో, ఎవరి మాటకు ఎవరి పేరు రాయాలో నేర్పుతూ కూర్చుంటే నీ సాయంత్రాలు పోతాయి. పట్టుబడితే "నేను ముందే చెప్పాను" అను. అయితే ఒక చిక్కుంది. ఇది కాపీ కాదని గైడు కూడా రాసివ్వాలి. అది కూడా చదవకుండానే పెట్టు, అలవాటు తప్పొద్దు.

థీసిస్ ఇవ్వడానికి ముందు జర్నల్లో పేపర్ తప్పనిసరి అన్న షరతును 2022లో తీసేశారు. ఈ మాట స్కాలర్‌కు చెప్పకు. రాయించు, మొదటి పేరు నీది పెట్టు.

గడువు ఆరేళ్ళు, పొడిగింపు రెండేళ్ళు, మహిళలకు ఇంకో రెండేళ్ళు. మొత్తం పది. నా స్కాలర్ తొమ్మిదో ఏట ఉంది. మధ్యలో కాన్పుకు సెలవడిగింది, 240 రోజుల దాకా ఇవ్వొచ్చట. "పీహెచ్‌డీ అంటే తపస్సమ్మా" అన్నాను. ఆ తపస్సు నేనెప్పుడు చేశానని ఆమె అడగలేదు, మర్యాదస్తుల పిల్ల.

నా విషయం ఒకటి. రిటైరయ్యాక కూడా 70 ఏళ్ళు వచ్చేదాకా కో-సూపర్‌వైజర్‌గా ఉండొచ్చని నిబంధన ఉంది. అట్ట మీద నా పేరు తీయొద్దు. మన దగ్గర బెల్లంపల్లి ఏరియా అని పేరు, జీఎం ఆఫీసేమో గోలేటిలో. ఎవరైనా తప్పుపట్టారా? పేరు ఒకచోట, మనిషి ఇంకోచోట ఉండడం మన ప్రాంతానికి కొత్త కాదు.

మొన్న ఆమె వచ్చి ఆ నోట్‌బుక్కు అడిగింది. వరండాలో రాసుకున్నదే. రైల్లో కలిసిన రిటైర్డ్ కార్మికుల దగ్గరా, మందుల దుకాణం ముందు కూర్చున్నవాళ్ళ దగ్గరా ఏరుకున్న మాటలట, ఆ పదకొండు మందిలో నలుగురివి కూడా ఉన్నాయట. ఎప్పుడో చూడమని నాకిచ్చిందట. నాకు జ్ఞాపకం లేదు గాని, ఇల్లు మారినప్పుడు పాత చాప్టర్లతో కలిపి కట్టగట్టి బెల్లంపల్లి ఇంట్లో అటక మీద వేయించాను. ఉంటే అక్కడే ఉండాలి. కిటికీ పక్క మూల, సిమెంటు సంచిలో. ఒక ఆదివారం వచ్చి నువ్వే దించుకో. వచ్చేటప్పుడు టార్చి తెచ్చుకో, అక్కడ కప్పు కూడా కాస్త వదులుగా ఉంది. నాకు మోకాళ్ళ నొప్పులు, నిచ్చెన ఎక్కలేను.