సిఫార్సుల స్వామి

న్యూజెర్సీ ఎడిసన్ చుట్టుపక్కల పదిమంది తెలుగువాళ్లు చేరితే అందులో ఒక సిఫార్సుల స్వామి ఉంటాడు. పళ్ల డాక్టరు దగ్గర్నుంచి ఇంటికప్పు వేసేవాడిదాకా అందరి నంబర్లూ ఆయన ఫోన్లో ఉంటాయి. 'బాగుంటుంది' అన్న ముక్క ఆయన నోట రాదు. 'ఇది తినకపోతే వేస్టు' అంటాడు. ఓక్ ట్రీ రోడ్డు దేశీ హోటళ్లు మానేసి ఏళ్లయిందనీ అంటాడు. ఇడ్లీల వరసలో నాకు రెండుసార్లు దొరికాడనుకోండి, అది వేరే సంగతి.

మొన్న ఆయనకు ఒక ఇటాలియన్ రెస్టారెంటు చిక్కింది. శ్రీవారి దర్శనం టికెట్లు దొరికినట్టు ఆరువారాల ముందే ఆరుగురికి టేబుల్ పట్టాడు. అప్పట్నుంచీ వాట్సాప్‌లో పాఠాలు. అసలు ఆల్ఫ్రెడోలో క్రీమే ఉండదట, రోములో ఆల్ఫ్రెడో డి లేలియో వెన్నా పర్మెజానూ వేసే కలిపేవాడట. చికెన్ పార్మ్ ఇటలీది కాదట, అమెరికా వలసొచ్చిన ఇటలీవాళ్లు పుట్టించిందట. ఇవన్నీ నిజాలే, ఆయనతో చిక్కంతా అదే. చరిత్రలో తప్పు దొర్లనివ్వడు, నాలికే ఆయన్ని మోసం చేస్తుంది.

న్యూజెర్సీలో మద్యం లైసెన్సులు ఊరి జనాభా లెక్కన ఇస్తారు కాబట్టి చాలాచోట్ల సీసా మనమే మోసుకెళ్లాలి. స్వామి కియాంటీ తెచ్చి, మూత వాసన చూసి, కళ్లు మూసుకున్నాడు. మేమూ మూసుకున్నాం.

రిసొట్టో వచ్చింది. మెతుకు పలుకుగా ఉంది.

"అల్ డెంటే! పంటికి తగలాలిరా," అన్నాడు.

మా ఇంట్లో అన్నం అలా దిగితే కుక్కర్ గాస్కెట్ మారుస్తాం. పొలెంటా చూసి మా కరీంనగర్ మిత్రుడు, "ఇది మా నాయనమ్మ వండే మక్క గటకనే గదరా!" అన్నాడు. మెనూలో దాని ధర 28 డాలర్లు. అర్రాబియాటా అంటే ఇటలీ భాషలో కోపమొచ్చిందని అర్థం. మా పళ్లెంలోది కనీసం అలిగినట్టైనా లేదు. ఉప్పు అడగబోతే స్వామి నా చెయ్యి పట్టుకున్నాడు.

"షెఫ్ నొచ్చుకుంటాడు!"

వెయిటరమ్మాయి వచ్చి ఎలా ఉందని అడిగితే ఆరు తలకాయలూ ఊగాయి. "డిఫరెంట్‌గా ఉంది," అన్నాడు కరీంనగర్ వాడు. మనవాళ్లు ఆ మాట ఎప్పుడంటారో మీకు తెలుసు. స్వామికీ తెలుసు. కాసేపు ఫోర్కుతో పాస్తా కెలికి, ఆ అమ్మాయిని పిలిచి గొంతు తగ్గించి చిల్లీ ఫ్లేక్స్ అడిగాడు. డబ్బా సగం ఒంపుకుని, "లైట్‌గా ఉంది చూశావా? అసలైన ఇటాలియన్ అంటే ఇదే," అన్నాడు. ఆ క్షణంలో ఆయన మీద జాలేసింది. ఆరువారాలు పొగిడిన నోటితో చప్పగా ఉందని ఎలా అంటాడు పాపం!

బిల్లు మీద 6.625 శాతం సేల్స్ టాక్సు, ఆరుగురం కాబట్టి వాళ్లే వేసుకున్న 20 శాతం టిప్పు. కారు హైవే ఎక్కకముందే స్ప్లిట్‌వైజ్ మోగింది. నా వంతు 74 డాలర్లు. దాని వెనకాలే స్వామి మెసేజి: వచ్చే నెల ఇథియోపియన్, ఆరుగురికి టేబుల్ పట్టేశాను.

నా కుర్చీ కావలసినవాళ్లుంటే చెప్పండి, ఇచ్చేస్తాను.