నేలపాలు: ఒక ఇటుక నౌక పద్యానికి టీకా తాత్పర్యం

మూలంలో లేనిది రాయనని, అక్కరలేనిది చెప్పనని ప్రతిజ్ఞ పట్టి కాళిదాసుకు వ్యాఖ్య రాసినవాడు కోలాచలం మల్లినాథసూరి. ఆయనది మన మెదక్ జిల్లా కొల్చారమని పెద్దలు చెబుతారు. కొల్చారం నుంచి హైటెక్ సిటీకి తెల్లవారుజామున బయల్దేరితే రెండు గంటల దారి. సాయంత్రమైతే ఆ రెండు గంటలూ కొండాపూర్ దగ్గరే అయిపోతాయి. అంత దగ్గరివాడు కాబట్టి ఆయన ప్రతిజ్ఞలు తెలియవని బుకాయించలేను. రెండింటినీ ఈ వ్యాఖ్యలోనే భంగం చేయబోతున్నానని ముందే మనవి చేసుకుంటున్నాను.

వ్యాఖ్యకు ఎంచుకున్న పద్యానికి తాళపత్ర ప్రతి లేదు. మాదాపూర్‌లో మేం పనిచేసే ఆఫీసు ఐదో అంతస్తు మీటింగ్ గదిలో, తెల్ల బోర్డు మీద, ఆకుపచ్చ మార్కరుతో లభించింది. కింద ‘డు నాట్ ఎరేజ్’ అని ఉండటం వల్ల మూడు వారాలు నిలిచింది. కవి మా టీములో టెస్టరు. అప్రైజల్ నెల కనుక పేరు చెప్పను.

మూలం

ఇటుకలేడు వేలు ఇంటికి జేరగ
నెలల జీతమంత నేలపాలు
చుక్కలంటు నౌక సోఫాను దాటక
గడప దాటి పోదు గాలికైన

ప్రతిపదార్థం

ఇటుకలు + ఏడు వేలు = ప్లాస్టిక్ ఇటుకలు ఏడు వేలు; ఇంటికిన్ = ఇరవై ఏళ్ల ఈఎంఐ మీద నిలబడిన ఇంటికి; చేరగన్ = కొరియర్లలోను, బంధువుల సూట్‌కేసుల్లోను విడతలు విడతలుగా వచ్చి పడగా; నెలల జీతము + అంత = పట్టుకోవలసినవన్నీ పట్టుకోగా చేతికొచ్చిన నెలల జీతం మొత్తం; నేలపాలు = శ్లేష, కింద విప్పుతాను; చుక్కలు + అంటు = నక్షత్రాలను తాకగల; నౌక = అంతరిక్ష నౌక; సోఫాను దాటక = హాల్లో సోఫా హద్దు మీరక; గాలికి + ఐనన్ = కాస్త గాలి పోసుకోవడానికైనా; గడప దాటి పోదు = వాకిలి దాటదు.

టీక

ఛందస్సు ఆటవెలది. తేటగీతి ఉండగా ఇదెందుకంటే, పేరులోనే ఆట ఉంది, ఈ ఇటుకల పేరులో ఉన్నట్టే. డెన్మార్క్‌లోని బిల్లుండ్‌లో ఓలే కిర్క్ క్రిస్టియన్‌సన్ అనే వడ్రంగి 1932లో చెక్కబొమ్మలు చేయడం మొదలుపెట్టాడు. ‘లెగ్ గోట్’ అంటే వాళ్ల భాషలో ‘బాగా ఆడు’. ఆ రెండు మాటలనూ కుదించి లెగో అని పేరు పెట్టాడు. మన కొండపల్లి వడ్రంగి పొణికి చెక్క వదల్లేదు. ఓలే వంశం వాళ్లు చెక్క వదిలి ప్లాస్టిక్ పట్టారు, 1958 జనవరి 28న ఇటుక కూర్పుకి పేటెంటు వేశారు. ఆనాటి ఇటుక మీద ఈనాటి ఇటుక ఇప్పటికీ సరిగ్గా కూచుంటుంది. మా ఆఫీసులో పోయిన ఏడాది రాసిన కోడు మీద ఈ ఏడాది కోడు కూచోదు.

‘ఇటుకలేడు’ దగ్గర సంధి చేసిన కవి, ‘వేలు ఇంటికి’ దగ్గర ఎందుకు చెయ్యలేదని లాక్షణికుల శంక. విసంధి దోషం కాదా? కాదు. ఈ ఇటుకల మధ్య సిమెంటు ఉండదు. పైనున్న బొడిపెలు పై ఇటుక పొట్టలో బిగుసుకుంటాయి, గోరు పెట్టి లాగితే విడిపోతాయి. ఏడు వేల ఇటుకలనూ విడదీయగలిగేట్టు కట్టదలచుకున్నవాడు అచ్చుల మధ్య సున్నం కొట్టడు. పైగా సంధి చేస్తే గణం చెడుతుంది. అసలు కారణం ఇదేనని నా అనుమానం.

గణాల మాట వచ్చింది కనుక ఒక ముక్క. ఛందస్సులో రెండు లఘువుల కాలం ఒక గురువు. ఇటుకల శాస్త్రంలో మూడు లఘువులు కావాలి: పలక మందం 3.2 మిల్లీమీటర్లు, ఇటుక ఎత్తు 9.6. బొడిపెకీ బొడిపెకీ మధ్య దూరం 8. వంపు తిరిగిన నౌకను ఈ మూడు అంకెలతోనే కట్టాలి. ఎనిమిది బొడిపెల ఇటుకలు ఆరు చేతికిస్తే ఎన్ని రకాలుగా పేర్చవచ్చు? ఇక్కడ పాఠభేదం ఉంది. కంపెనీ వారి పాత పాఠం 10,29,81,500. అది ఒకదానిమీద ఒకటిగా ఆరంతస్తులు లేపిన కట్టడాలను మాత్రమే లెక్కించిందని, పక్కపక్కన పేర్చినవాటిని వదిలేసిందని సోరెన్ ఐలర్స్ అనే డేనిష్ గణితజ్ఞుడు, ఆయన సహచరుడు పట్టుకున్నారు. సవరించిన పాఠం 91,51,03,765. ఆరు ఇటుకలకే తొంభై ఒక్క కోట్ల పైచిలుకు ప్రస్తారం ఉంటే, ఏడు వేలకు ఎంతో మా కవి లెక్కించలేదు. అందుకే పెళ్లిచూపులు రెండు వాయిదా వేసుకుని, కంప్యూటరులో ఉచితంగా దొరికే స్టూడియో అనే ప్రోగ్రాములో పద్దెనిమిది నమూనాలు గీశాడు.

ఆ ప్రోగ్రాములో గురుత్వాకర్షణ లేదు. తెర మీద ఒక్క బొడిపెకి వేలాడుతూ రెక్క అట్లాగే ఉంటుంది. హాల్లో ఉండలేదు, రాత్రి రెండింటికి రాలి పడింది. ఖైరతాబాద్ గణపతికి 1954లో ఒక్క అడుగే ఎత్తు. లోపల కట్టు అక్కర్లేకపోయింది. పెరుగుతూ తగ్గుతూ 2024లో 70 అడుగులైతే ఇనుప చట్రం లేకుండా నిలుస్తాడా? నౌకకూ అదే న్యాయం. 2013 మే నెలలో న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్‌లో స్టార్ వార్స్ ఎక్స్ వింగ్‌ను నిజం సైజులో నిలబెట్టారు. పొడవు 43 అడుగులు, ఇటుకలు 53,35,200. చెక్ దేశంలోని క్లాద్నోలో 32 మంది 17,336 గంటలు కట్టారు. దానికీ కడుపులో ఉక్కే. మా కవి ఈ సంగతి చదివాకే పొడుగాటి రంధ్రాల కమ్మీలు కొని వెన్నెముక వేశాడు.

ఇక్కడ నన్నొక ప్రలోభం పట్టుకుంది. మన పూర్వులకు ఇటుక విమానాలు ఉండేవని రాస్తే వ్యాఖ్యకు నిండుదనం వస్తుంది కదా! కాని అంతటి ‘వైమానిక శాస్త్రం’ బొమ్మలనే 1974లో బెంగళూరు ఐఐఎస్‌సీ ఆచార్యులు పరిశీలించి, అవి ఎగరవని తేల్చారు. ఊరుకుంటున్నాను.

‘నెలల జీతమంత’ అన్నచోట చరిత్ర ఉంది. ప్రబంధానికి కృతిభర్త ఉండాలి. శ్రీనాథుడి దారి అది. మా కవీ మొదట ఆ దారే పట్టాడు. సెప్టెంబరు నెలలో ప్రపంచమంతా ఇటుకల పిచ్చివాళ్లు 100 బొడిపెలకు తగ్గని నౌకలు కడతారు, అంటే 80 సెంటీమీటర్లు. వీడు 150 అనుకున్నాడు. ఎక్సెల్ షీటు తీసి టీముకి పంపాడు: చందా ఇచ్చినవారి పేరు రెక్క మీద, పెద్ద చందా అయితే ఇంజను మీద. గణేశ్ మండపం రసీదు పుస్తకానికీ దీనికీ తేడా లేదు, లడ్డూ వేలం తప్ప. తొలిరోజు ఇరవై ముగ్గురు చెయ్యెత్తారు. ఫోన్‌పేలో డబ్బులు పంపినవారు నలుగురు. అందులో ఒకరు పదకొండు రూపాయలు, శుభం కోసం.

తర్వాత హెచ్ఆర్ వారి దర్బారుకు వెళ్లాడు, షష్ఠ్యంతాలు తప్ప అన్నీ చదివాడు. వినోదాల పద్దులో డబ్బుందట. ‘ఆర్‌ఓఐ ఏమిటి?’ అని అడిగారట. భోజరాజు అక్షరానికి లక్ష ఇచ్చాడంటారు, ఆయన్ని ఆర్థిక విభాగం వారు పిలిచి అడిగి ఉండరు. న్యూయార్క్ నౌకకు ఆ కష్టం లేదు. కృతిభర్త లెగో కంపెనీయే, టీవీ కార్యక్రమానికి ప్రచారం కోసం కట్టించింది. అదే కంపెనీకి ఇంకో ద్వారం ఉంది: మన నమూనా పంపి, 10,000 మంది మద్దతు కూడగడితే పరిశీలిస్తారు, పెట్టెగా అచ్చేస్తే నికర అమ్మకాల్లో 1 శాతం కవికి. 2017లో సాటర్న్ 5 రాకెట్టు ఆ దారిలోనే వచ్చింది. ఒక మీటరు ఎత్తు, ముక్కలు సరిగ్గా 1,969. చంద్రుడి మీద కాలుపెట్టిన సంవత్సరాన్నే ముక్కల సంఖ్యగా కుదిర్చారు. సంఖ్యాశ్లేషకు ఇంతకన్న మంచి ఉదాహరణ నా చదువులో లేదు. మా కవికి మద్దతిచ్చినవారు 61 మంది, అందులో అత్తలు, పిన్నులు పోను 40.

చివరికి పోతన దారి. ఏ రాజుకీ అంకితం లేదు, సొంత హలం, సొంత పొలం, సొంత ఎస్‌బీఐ ఖాతా. ముక్కకు సుమారు పది సెంట్లని ఈ విద్యలో ఉన్నవారి మోటు లెక్క. ఏడు వేలకు 700 డాలర్లు, అరవై వేల రూపాయల దరిదాపు. అది అమెరికా ధర. ఇక్కడ ఆటబొమ్మల మీద దిగుమతి సుంకం 2020లో 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి ఎగబాకింది. అందుకే ‘చేరగ’ అన్న క్రియకు డల్లాస్ బావగారి సూట్‌కేసు కర్త అని నేను అన్వయించాను. ఆవకాయ అటు వెళ్లిన పెట్టెలోనే ఇటుకలు ఇటు వచ్చాయి. బూడిదరంగు ముక్కలు కొన్ని ఇప్పటికీ మెంతివాసన వేస్తున్నాయి.

ఇక నేలపాలు. పద్యానికి ప్రాణం ఈ మాటే. మొదటి అర్థం లోకప్రసిద్ధం: వృథా అయ్యింది. కవి వాళ్లమ్మగారి పాఠం ఇదొక్కటే. రెండో అర్థం కళ్లతో చూడవలసింది: జీతం ముక్కలుగా మారి హాలు నేలంతా పరుచుకుంది, దుప్పటి మీద రంగులవారీగా, గిన్నెల్లో, ఇడ్లీ రేకుల గుంటల్లో. మూడో అర్థం నాది, ఎవరూ చెప్పగా వినలేదు. పాలు అంటే వాటా. నేలపాలు అంటే నేలకు చెందిన వాటా. నౌక రెక్కల వెడల్పు 120 సెంటీమీటర్లు, పొడవు 90. అంటే పదకొండున్నర చదరపు అడుగులు. మన ఐటీ కారిడార్‌లో చదరపు అడుగు పదివేలని మాట వరసకు అనుకుందాం, నవ్వకండి. నౌక కింద నేల ఖరీదు లక్షా పదిహేను వేలు. నౌక ఖరీదు అరవై వేలు. విమానం కన్న విమానాశ్రయం ఖరీదెక్కువ. పైగా నౌక విడదీసి అమ్ముకోవచ్చు, ఆ పదకొండున్నర అడుగులను విడదీసి అమ్మలేడు, వాటికి ఇరవై ఏళ్లు వడ్డీ కట్టాలి. జీతమంత నేలపాలు అన్నప్పుడు కవి ఇటుకల్ని కాదు, ఈఎంఐని తలచుకుని ఉంటాడని నా నిశ్చయం. సంక్రాంతి బొమ్మల కొలువుకి మన అమ్మమ్మలు మెట్లు కట్టింది ఇందుకే అనిపిస్తుంది. నేల తక్కువ, బొమ్మలు నిలువుగా ఎక్కాలి, మూడు రోజులయ్యాక పెట్టెలోకి దిగాలి.

‘చుక్కలంటు’ అతిశయోక్తి అనకండి, విషమాలంకారం అనండి. ఇదే ఊళ్లో పుట్టిన స్కైరూట్ సంస్థ 2022 నవంబర్ 18న శ్రీహరికోట నుంచి విక్రమ్-ఎస్‌ను పంపింది. ఆరు మీటర్ల పొడుగు, 545 కిలోలు, 89.5 కిలోమీటర్ల ఎత్తు చూసొచ్చింది. టైమ్స్ స్క్వేర్ నౌక 20 టన్నుల పైమాట, కదలాలంటే ముక్కలు చేసి లారీకి ఎత్తాలి. మా కవి నౌక వీటి మధ్యది: పడగ్గది గుమ్మం మూడడుగులు, అంటే 91 సెంటీమీటర్లు. రెక్కలు 120. ఒరగబెట్టినా, పక్కకు తిప్పినా ఇంజను ఊడుతుంది. గుమ్మం కొలవకుండా నౌక కట్టినవాడి అగచాటు నాలుగో పాదం.

‘దాటక’, ‘దాటి’ అని ఒకే ధాతువు రెండుసార్లు. పునరుక్తి కాదా అంటే, పెట్టెలో చిన్న ముక్కలు ఒకటి ఎక్కువే వేస్తారని సమాధానం.

‘గాలికైన’ అనడంలో చమత్కారం గమనించాలి. నౌక పోవలసిన చోట గాలే లేదు. ఉన్నచోట ఉంది, దానివల్లే చిక్కు. దుర్గం చెరువు వైపు బాల్కనీ తలుపు తీస్తే దుమ్ము వచ్చి బొడిపెల మధ్య కూచుంటుంది, పెయింటింగ్ బ్రష్షుతో తుడవాలి. తుడిచే పని కవి వాళ్లమ్మగారు ఒప్పుకోలేదు, పనిమనిషిని ఒప్పుకోనివ్వలేదు.

తాత్పర్యం

ఏడు వేల ఇటుకలు ఇల్లు చేరాయి, జీతం మూడు విధాల నేలపాలైంది, నక్షత్రాలకు వెళ్లవలసిన నౌక సోఫా పక్కనే ఉండిపోయింది అని భావం.

విశేషం

ఏడు వేలన్నది కవిసమయమా, నిజమా అని పరిష్కర్తగా నాకు సందేహం కలిగింది. ఒక ఆదివారం వాళ్లింటికి వెళ్లి, కొనుగోలు పట్టీ పెట్టుకుని లెక్క సరిచూశాను. అమ్మగారు పెసరట్టు పెట్టారు, ఉప్మా కూడా. సాయంత్రానికి 6,999 తేలాయి. ప్రతిలో ఒక్క అక్షరం లుప్తం. సోఫా కింద, టీవీ వెనక, పాప్‌కార్న్ గిన్నెలో వెతికాం. లేదు.

ఇంగ్లండు ఓపెన్ యూనివర్సిటీ వాళ్లు 2012లో నాలుగు బొడిపెల ఇటుకను యంత్రంలో పెట్టి నొక్కిచూశారు. 432 కిలోల బరువు దాకా చలించలేదట. నా బరువు 78. చెప్పులు గడప అవతల విడిచాను. ఆ రాత్రి అక్కడే పడుకుని, చీకట్లో మంచినీళ్లకు లేచి నడుస్తుంటే ఆ ఏడువేలోది దొరికింది, ఎడమ పాదంలో. ఆటవెలదిలో యతి నాలుగో గణం మొదటి అక్షరం మీద పడుతుంది. నాది ఫ్రిజ్ పక్కన పడింది.