టికెట్ పడిన ఊరికే మళ్ళీ వెళ్ళండి

వేరే స్టేట్‌లో టికెట్ పడితే ఏం చేయాలని మనవాళ్ళని అడగండి. పదిమందీ ఒకటే చెబుతారు: ఆన్‌లైన్‌లో కట్టేసి మర్చిపో. నా సలహా దానికి పూర్తిగా తలకిందులు. కట్టేయకండి, మర్చిపోకండి. రెండు రోజులు సెలవు పెట్టి, కారెక్కి, ఆ టికెట్ ఇచ్చిన కౌంటీ కోర్టుకే మళ్ళీ వెళ్ళండి. పిల్లలకి బడి లేకపోతే వాళ్ళనీ వెంట తీసుకెళ్ళండి. ఈ మాట చెప్పిన ప్రతిచోటా తప్పుడు సలహా అన్నారు. మా ఆవిడా మొదట అదే అంది. అయినా ఇదే చెబుతాను.

ఇండియా నుంచి వచ్చిన అమ్మని షార్లెట్‌లో తమ్ముడింట్లో దించడానికి న్యూజెర్సీ ఎడిసన్‌లో తెల్లవారుజామున బయల్దేరాం. పీటర్స్‌బర్గ్ దగ్గర ఐ-95 వదిలి ఐ-85 ఎక్కాక రెండువైపులా చెట్లే. రోడ్డు ఖాళీ, లిమిట్ 70. అమ్మ చిన్నప్పటి కబుర్లేవో చెబుతోంది, నేను వింటూ తొక్కుతున్నాను. వెనకాల నీలం లైట్లు వెలిగేసరికి మీటరు 88 మీద ఉంది.

లిమిట్ మీద పద్దెనిమిదే కదా, మహా అయితే ఓ రెండొందలు అనుకున్నాను. వర్జీనియాలో లెక్క వేరు. అక్కడ 85 దాటారంటే, లిమిట్ ఎంతైనా సరే, అది మామూలు స్పీడింగ్ కాదు, రెక్‌లెస్ డ్రైవింగ్. లిమిట్ కన్నా 20 మైళ్ళు ఎక్కువైనా అంతే. 2020 జూలై దాకా ఆ గీత 80 దగ్గరే ఉండేది. రెక్‌లెస్ అంటే క్లాస్ 1 మిస్‌డిమీనర్: 12 నెలల దాకా జైలు, 2,500 డాలర్ల దాకా జరిమానా వేయొచ్చు. అంటే చలానా కాదు, క్రిమినల్ కేసు. ఈ ఒక్క సంగతి తెలియక ఎంతమంది మన పిల్లలు ఆ దారిన నిశ్చింతగా దూసుకుపోతున్నారో తలుచుకుంటే నాకు నిద్ర పట్టదు. రాడార్ డిటెక్టర్ కొనుక్కుంటే సరిపోతుందని ఎవరైనా చెబితే వినకండి. మామూలు కార్లలో కూడా దాన్ని నిషేధించిన రాష్ట్రం వర్జీనియానే.

పోలీసు ఆపిన ఆ పది నిమిషాల గురించి కాస్త వివరంగా చెప్పాలి, మనవాళ్ళు తడబడేది అక్కడే. మన ఊళ్ళో ఎస్సై ఆపితే బండి దిగి, కాగితాలు పట్టుకుని, ఆయన జీపు దగ్గరికి మనమే నడిచి వెళ్తాం. అక్కడ అది మర్యాద. ఇక్కడ అదే పని చేస్తే ఆయన చెయ్యి తుపాకీ మీదికి వెళ్తుంది. దిగకండి. అద్దం దించి, రాత్రయితే లోపలి లైటు వేసి, రెండు చేతులూ స్టీరింగ్ మీద ఉంచండి. గ్లవ్ బాక్స్ తీయాలంటే చెప్పి తీయండి. వెనక సీట్లో ఉన్న పెద్దవాళ్ళకి ఇదంతా ప్రయాణానికి ముందే చెప్పి ఉంచండి. మా అమ్మ తలుపు తీయబోయింది, "నేను చెబుతాలేరా, పెద్దదాన్ని కదా, వింటాడు" అంటూ. గట్టిగా అరిచి ఆపాల్సి వచ్చింది. ఆ అరుపు ఆవిడ ఇప్పటికీ మర్చిపోలేదు.

ఎంత స్పీడులో వెళ్తున్నావో తెలుసా అని అడుగుతాడు. అబద్ధం చెప్పొద్దు, అలాగని ఊహించి ఓ అంకె కూడా చెప్పొద్దు. మీరన్న అంకె ఆయన నోట్సులోకి ఎక్కి, అక్కడి నుంచి జడ్జి ముందుకి వెళ్తుంది. "ఏదో సర్దుకుందాం సార్" అనే ఆలోచన మనసులోకి కూడా రానివ్వకండి. డబ్బు మాటెత్తితే అది ఇంకో నేరం, టికెట్ కన్నా చాలా పెద్దది. సంతకం పెట్టమంటే పెట్టేయండి. అది తప్పు ఒప్పుకోవడం కాదు, చెప్పిన తేదీకి వస్తానన్న మాట. పెట్టనంటే అక్కడికక్కడే అరెస్టు చేయొచ్చు.

వేరే స్టేట్ కదా, పట్టించుకోకపోతే ఏమవుతుంది అనేవాళ్ళున్నారు. నలభైకి పైగా రాష్ట్రాలు ఈ విషయంలో ఒప్పందం చేసుకున్నాయి. అక్కడ జవాబివ్వకపోతే ఇక్కడ మీ లైసెన్స్ సస్పెండ్ అవుతుంది. దీనికింతకన్నా మాటలు అనవసరం.

కట్టేస్తే అయిపోతుందనేవాళ్ళకి మాత్రం ఓపిగ్గా చెప్పాలి, వాళ్ళు మంచివాళ్ళు, చట్టానికి భయపడేవాళ్ళు. ఆన్‌లైన్‌లో జరిమానా కట్టడమంటే నేరం ఒప్పుకోవడమే. మీ పేరు మీద కన్విక్షన్ పడుతుంది. బయటి రాష్ట్రంలో పడ్డ మూవింగ్ వయొలేషన్‌కి న్యూజెర్సీ రెండు పాయింట్లు వేస్తుంది. జార్జియాలో అయితే కట్టాక కూడా అయిపోదు. అక్కడ 2010 నుంచి సూపర్ స్పీడర్ చట్టం ఉంది. ఏ రోడ్డు మీదైనా 85, రెండు లేన్ల రోడ్డు మీద 75 చేరితే, కోర్టు జరిమానా కట్టిన తర్వాత రాష్ట్రం నుంచి మరో 200 డాలర్లకి ఉత్తరం వస్తుంది. బయటి రాష్ట్రాలవాళ్ళకీ వస్తుంది. మనవాళ్ళేమో ఏడాదికో అపార్ట్‌మెంట్ మారుతుంటారు. ఉత్తరం పాత అడ్రసుకి పోతుంది, గడువు దాటుతుంది, డ్రైవింగ్ హక్కు సస్పెండ్ అవుతుంది. అట్లాంటాకి వెళ్ళొచ్చిన నా మిత్రుడికి ఇదంతా నెలల తర్వాత తెలిసింది.

వర్జీనియా రెక్‌లెస్‌కి ఆన్‌లైన్‌లో కట్టే దారే లేదు. అయితే లాయర్ని పెట్టి ఇంట్లో కూర్చో అంటారు. లాయర్ని తప్పకుండా పెట్టుకోండి, ఆ కోర్టులో రోజూ నిలబడే స్థానిక లాయర్ని. పెట్టుకుని, మీరూ వెళ్ళండి. వెళ్ళే ముందు మూడు కాగితాలు సిద్ధం చేసుకోండి. ఎవరూ అడగకముందే డ్రైవింగ్ క్లాసు పూర్తి చేసిన సర్టిఫికెట్ ఒకటి. మీ రాష్ట్రం నుంచి తెప్పించుకున్న డ్రైవింగ్ రికార్డు రెండోది. మూడోది మనకి కొత్త, అక్కడివాళ్ళకి మామూలే: స్పీడోమీటర్ కాలిబ్రేషన్. షాపువాళ్ళు పరీక్షించి మీటరు చూపేదెంత, కారు నిజంగా వెళ్ళేదెంత అని రాసిస్తారు. అలాంటి పరీక్ష ఫలితాన్ని జడ్జి లెక్కలోకి తీసుకోవాలని వర్జీనియా చట్టంలోనే ఉంది. నా కారు మీటరు నిజంగానే తక్కువ చూపిస్తోంది.

ముందురోజు సాయంత్రానికే ఆ ఊరు చేరండి. అదే రోడ్డు మీద, అదే మైలు దగ్గర, ఈసారి 70లో వెళ్ళండి. మిమ్మల్ని దాటిపోయే కార్లని చూడండి. నేను పోయింది కూడా అలాగే కదా అని అక్కడ అనిపిస్తుంది, ఇంట్లో కూర్చుంటే అనిపించదు. మా పెద్దవాడికి అప్పుడు పదహారు. పక్క సీట్లో కూర్చుని వాడు ఒక్క మాటా మాట్లాడలేదు.

చిన్న టికెట్లకి కూడా వెళ్ళమనే చెబుతాను, అందరూ విసుక్కునేది ఇక్కడే. తొమ్మిది మైళ్ళు ఎక్కువైతే పడే జరిమానా కన్నా పెట్రోలూ హోటలూ రెండింతలు అవుతాయి, నిజం. అయినా వెళ్ళండి. డబ్బుతో దులిపేసుకున్న తప్పు మళ్ళీ చేస్తాం. ఆరు గంటలు నడుపుకుంటూ వెళ్ళి, ఒక మనిషి కళ్ళలోకి చూసి జవాబు చెప్పిన తప్పు మళ్ళీ చేయం. ఇది నా నమ్మకం, నా విషయంలో నిజమైంది.

కోర్టులో నా పేరు పిలిచేదాకా రెండు గంటలు కూర్చున్నాను. రాత్రి డ్యూటీ దిగి అదే బట్టల్లో వచ్చిన నర్సు, లైసెన్స్ పోతే బతుకే పోతుందని వణుకుతున్న ట్రక్కు డ్రైవరు, నన్నాపిన ట్రూపర్, అందరం ఒకే వరసల్లో ఉన్నాం. ట్రూపర్ రాకపోతే కేసు పోతుందని ఆశపెట్టుకోకండి. ఆయన టికెట్లన్నీ ఒకేరోజు పెట్టుకుని వచ్చాడు. నా వంతు అయిదు నిమిషాల్లో ముగిసింది. జడ్జి కాగితాలు చూసి, రెక్‌లెస్‌ని ఇంప్రాపర్ డ్రైవింగ్‌కి తగ్గించారు. అది క్రిమినల్ నేరం కాదు, జరిమానాతో పోయేది.

నా తర్వాత కొద్దిసేపటికి మన కుర్రాడొకడు నిలబడ్డాడు. నార్త్ కరోలినాలో ఎమ్మెస్ చదువుతున్నాడట. లాయరు లేడు, ఒక్క కాగితమూ లేదు. జడ్జి ఏమడిగినా "యెస్ సర్" అన్నాడు. అతనికి సగం అర్థం కాలేదని నాకు వెనక నుంచే తెలుస్తోంది. రెక్‌లెస్ కిందే శిక్ష పడింది, జరిమానా వేశారు. బయటికొచ్చి, జైలు లేదు కదా అని హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు.

వరండాలో ఆపి తెలుగులో చెప్పాను. నీ మీద ఇప్పుడు క్రిమినల్ కన్విక్షన్ ఉంది బాబూ. వీసా స్టాంపింగ్‌కి వెళ్తే ఎప్పుడైనా అరెస్టయ్యావా, శిక్ష పడిందా అని డీఎస్-160లో అడుగుతారు, దాచకూడదు. కానీ పది రోజుల్లోపు అప్పీల్ చేస్తే ఈ తీర్పు పక్కకి పోయి, సర్క్యూట్ కోర్టులో విచారణ మొదటి నుంచి మళ్ళీ జరుగుతుంది. లాయర్ని పెట్టుకో, క్లాసు చెయ్యి, కారు మీటరు చూపించు. ఇంగ్లీషులో ఇబ్బందయితే తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని ముందే అడుగు, నీ దగ్గర డబ్బు తీసుకోరు.

వాడి మొహం పాలిపోయింది. "మళ్ళీ ఇంత దూరం రావాలా అంకుల్?" అన్నాడు.

"రావాలి నాన్నా. పద, కిటికీ మూసేలోపు క్లర్కుని అప్పీల్ కాగితం అడుగుదాం."