సర్వరు సూత్రమునకు టీకా తాత్పర్యము

మూలము: “అన్నా, ఏలిముద్ర పడటంలా, సర్వరు గూడా డౌనయింది, రేపు రాండి.”

అవతారిక: తూర్పు తీరమున ఏటా ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు, చేపలు గ్రుడ్లు పెట్టు కాలమగుటచే, మర పడవలకును మోటారు పడవలకును 61 దినములు వేట నిషేధము. ఆ దినములలో పూట గడచుటకు ప్రభుత్వమిచ్చు భృతి 2019లో రూ. 4,000 నుండి రూ. 10,000కును, 2025 ఏప్రిల్‌లో ‘మత్స్యకార సేవలో’ అను పేర రూ. 20,000కును పెరిగినది. మైపాడు, ఇసకపల్లి, తుమ్మలపెంట మొదలగు నెల్లూరు తీరపల్లెల మత్స్యకారుడు దానికై గ్రామ సచివాలయమునకు పోగా అచటి ఉద్యోగి పలికిన వాక్యమిది. వేటకు పోనీయని దినములే కార్యాలయముల చుట్టు తిరుగుటకు తీరిక దినములగుట శాసనకర్తల దూరదృష్టియే యని కొందఱందురు.

ప్రతిపదార్థము: అన్నా = వయోభేదము లేక అందఱికిని చెల్లు సంబోధనము, ఇచ్చట చేదుమాటకు ముందిడిన బెల్లపుముక్క; ఏలిముద్ర = ఆధార్‌లో దాచిన వ్రేలిగీతలతో పోల్చి మనిషిని గుర్తించు ఈకేవైసీ; పడటంలా = పోలిక కుదురలేదు; సర్వరు = దూరమున నుండి జాబితాలను కాచు యంత్రము, పల్లెలో దానిని చూచినవారు లేరు; డౌనయింది = పలుకుట మానినది; రేపు = అనిశ్చితకాలవాచి.

విశేషములు: ఏండ్ల తరబడి తాడు లాగి, ఉప్పునీట నైలాను వల దులిపిన చేతికి బొటనవ్రేలి గీతలు అరిగిపోవును గావున, ఎంత నికరమైన మత్స్యకారుడో యంత్రము అతనిని అంత తక్కువగా గుర్తించును. ఇది విరోధాభాసాలంకారము.

భృతికి మూలమైన బియ్యం కార్డు సంగతి ఇంకను గహనము. కుటుంబపు నెలసరి ఆదాయము పల్లెలో రూ. 10,000, పట్టణమున రూ. 12,000 మించరాదు, కారుండరాదు, ఆటో, ట్యాక్సీ, ట్రాక్టరు ఉండవచ్చును, ఆరు నెలల సగటున నెలకు 300 యూనిట్లకు మించి కరెంటు కాల్చరాదు. ఈ కడపటి నియమముకడనే వ్యాఖ్యాతలు తికమకపడుదురు. ఇల్లు తండ్రిది, మీటరు అన్న పేర, దానికి తగిలించిన ఆధార్ తమ్మునిది అయినచోట ఒకరి ఫ్యాను గాలి మఱొకరి సంపదగా లెక్కకెక్కును. అది తప్పని విద్యుత్ కార్యాలయమునుండి కాగితము తేవలసినవాడు ఫ్యాను వేసినవాడు కాడు, లెక్కకెక్కినవాడు. ఆదాయమడిగిన మనిషి బొంకునేమో యని మీటరును అడిగిరి. మీటరు బొంకదు గాని, తాను చెప్పునది ఎవరి సంగతియో అది ఎఱుగదు.

తాత్పర్యము: ఓ మత్స్యకారుడా, నీవు నీవేయని నీ వ్రేలు ఒప్పుకొనలేదు, ఒప్పుకొనినను వినుటకు అవతల ఎవరును లేరు, కావున మరల రమ్ము అని భావము.

పాఠాంతరము: కొన్ని ప్రతులందు ‘రేపు’ అనుచోట ‘సోమవారం’ అని కలదు. శుక్రవారము మధ్యాహ్నము దాటిన పిమ్మట ఈ పాఠమే గ్రాహ్యము.