ఎడమ మేజోడు

దక్షిణాఫ్రికాలో జరిగిన ప్రపంచకప్పు ఫుట్‌బాల్ చూచుటకై నేను అచటి డర్బను నగరమునకు పోవుచున్నానను వార్త పొక్కిన నాటినుండి, భీమవరములోని మా చుట్టపక్కాలందరు ఒక్కొక్కరుగా వచ్చి, కాఫీ త్రాగి, నావంక ఆసుపత్రిలోని రోగిని చూచినట్లు చూచి పోవుచుండిరి. వీరందరిలోను మా బావమరది మేటి. పాలకొల్లు పోవుటకే పంచాంగము తిరుగవేయు ఆ మహానుభావుడు దక్షిణాఫ్రికాను పటములో తప్ప చూచినవాడు కాడు. అయినను ఆ దేశపు దొంగల విషయమున వానికిగల పరిజ్ఞానము అపారము.

"బావగారూ, వాచీ పెట్టుకెళ్లకండి. ఫోను చేత్తో పట్టుకోకండి. చీకటి పడ్డాక గడప దాటకండి. డబ్బంతా ఒక్కచోట పెట్టకండి. అయినా ఇదంతా దేనికి చెప్పండి, మా టీవీలో అదే ఆట, అదే బంతి కనిపిస్తుంటే!"

ఇందులో మొదటి నాలుగు వాక్యములను శిరసావహించితిని. ఐదవది చెవిని పెట్టలేదు. చదువుకొను దినములలో హైదరాబాదున నాలుగేండ్లుంటిని. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్సులో భారతజట్టును నాలుగవ స్థానమునకు, 1962 జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణపతకమునకు నడిపిన శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీమ్ మన హైదరాబాదువాడే యని అచటి పెద్దలు టీ కొట్టులలో కన్నీళ్లతో చెప్పగా విని విని, పిచ్చి పట్టించుకొన్నవాడను. పిచ్చి పట్టినవానికి టీవీ చాలునా?

ధనమును ఐదు భాగములు చేసి ఐదు తావుల దాచితిని. అందు పెద్ద భాగమైన 2,000 రాండులు, అనగా ఇన్నూరు రాండుల నోట్లు పది, మడిచి, ప్లాస్టిక్కు కాగితములో చుట్టి, ఎడమ మేజోడులో మడమక్రింద పెట్టుకొంటిని. తత్ఫలితముగా దక్షిణాఫ్రికాలో నుండిన తొమ్మిది దినములును నేను కొంచెము కుంటుచు నడిచితిని. అది చూచి జాలిపడి బస్సులో నాకు చోటిచ్చినవారు ముగ్గురు.

భయము నిరాధారమని చెప్పబోను. ఆ పోటీల నిమిత్తమై ఆ ప్రభుత్వము 56 ప్రత్యేక న్యాయస్థానములను నెలకొల్పి, దొంగను పట్టిన రెండుమూడు దినములలోనే శిక్ష వేయుటకు ఏర్పాట్లు చేసినదన్నచో, ఊరు ఎట్టిదో పాఠకులే ఊహింపవచ్చును. కలవారి వీథులలో ప్రతి ప్రహరీమీదను విద్యుత్తు తీగెలు. ప్రతి గేటుమీదను, గంట మ్రోగినచో తుపాకులతో వత్తుమని హెచ్చరించు కాపలా కంపెనీ బోర్డులు. ఈ గోడలు నిన్నమొన్న మొలచినవి కావు. ఒంటి రంగునుబట్టి మనుష్యునకు పేట నిర్ణయించు చట్టమొకటి 1950లో చేసి, డర్బనులోని కేటో మానరు పేటలో కాపురములు చేసికొనుచున్న భారతీయులను చాట్స్‌వర్తునకును, నల్లవారిని క్వామషు, ఉమ్లాజీలకును తోలివేసిరి. 1991లో చట్టమును తీసివేసిరి గాని గోడలను తీసివేయువారు లేకపోయిరి. ఇక ఆ ఊరి ఆటలు జరిగిన మోసెస్ మభీదా క్రీడారంగములో, 106 మీటర్ల ఎత్తున ఇంద్రధనుస్సువలె వంగిన ఆ మహాతోరణము క్రిందనే, జూన్ 13న ఆట ముగిసిన పిమ్మట, తమకు చెప్పిన కూలి యొకటి ఇచ్చిన కూలి యొకటి యని కాపలా సిబ్బంది గోల చేయగా, పోలీసులు బాష్పవాయువు ప్రయోగించిరి. కావలివాండ్రమీదనే కావలి పెట్టవలసిన ఊరు!

నా బస చాట్స్‌వర్తులో, స్నేహితుని స్నేహితుడు చూపిన ఇంట. 1860 నవంబరులో మదరాసునుండి ట్రూరో అను ఓడ తొలి కూలీలను దింపిన నాటినుండి 1911 వరకు, చెరకుతోటలకై లక్షన్నరకు పైగా మనదేశస్థులు ఆ రేవున దిగినారు; అందు తెలుగువారును కలరు. నాయుడు అచట 'నైడూ' అయినాడు. ఆ ఇంటి ముసలమ్మ నాలుగవ తరముది. ఆమెకు మిగిలిన తెలుగు ముప్పది మాటలకు మించదు, కాని ఆ ముప్పదియు ఎంత అవసరమైనవో చూడుడు. నేను గుమ్మములో నిలిచి, తలుపు గొళ్లెములు లెక్కించుచు, ఈ పేటలో దొంగల భయమున్నదా యని ఇంగ్లీషులో అడుగగా, ఆమె నా మొగము తేరిపార చూచి, "కూడు తిన్నావా, నాయనా?" అనెను. నా తాతమ్మతోపాటు పోయినదనుకొన్న మాట హిందూమహాసముద్రము కావల ప్రాణముతో నుండెను. గుల్ల చేసిన రొట్టెలో కూర నింపి 'బన్నీ చౌ' అని పెట్టినది. ఆ కారము గోదావరి జిల్లాలకు ఏమాత్రమును తీసిపోదు. అచటి విక్టోరియా వీథి అంగడిలో అత్తగారిని హతమార్చు కారమను పేరుతోనే యొక మసాలా అమ్ముదురు. మా అత్తగారు ఈ వ్యాసము చదువుదురు గనుక దానిని నేను కొనలేదని ఇందుమూలముగా మనవి.

జూలై 7, బుధవారము. జర్మనీ, స్పెయిను, ఉపాంత్యపోటీ. స్పెయినే గెలుచునని జర్మనీలోని ఒక తొట్టెలో నున్న పాల్ అను అష్టపాది ముందే జోస్యము చెప్పియుండెను. మా బావమరది పంచాంగమునకును దానికిని భేదము, దానికి ఎనిమిది కాళ్లుండుటయే. అరువదివేల జనము, వారిలో సగముమంది నోట వువుజెలా బూరలు. ఆ ధ్వని తేనెపట్టు కదలినట్లుండునని కొందరు వ్రాసిరి గాని, పెండ్లివారి పదిలారీలు రైల్వేగేటువద్ద ఒక్కసారి ఆగిపోయినట్లుండునని నా అనుభవము. ఆట సగము గడచెను, గోలు లేదు. డెబ్బదిరెండు నిమిషములాయెను, గోలు లేదు. ఎడమ మూలనుండి కొట్టుటకు స్పెయిను ఆటగాడు షావి బంతిని నిలుపుచుండెను. అప్పుడు నా మడమక్రింది కట్ట జారినట్లు తోచెను.

వంగితిని.

పాఠకులారా, మేజోడు విప్పి, ప్లాస్టిక్కు కాగితము తడిమి, పది నోట్లను వ్రేళ్లతో లెక్కించి, తిరిగి తొడిగికొనుటకు ఎంత కాలము పట్టును? ఒక కార్నరు కిక్కునకు పట్టునంత. తల యెత్తునప్పటికి ఆకాశము బ్రద్దలైనట్లు కేకలు. ప్రక్కనున్న భీమకాయుడైన స్పానిషు మనుజుడొకడు ఆనందబాష్పములతో నన్ను గాఢాలింగనము చేసికొనెను. దొంగలు ఇట్లే కౌగిలించుకొని జేబు కొట్టుదురన్న బావమరది హితోక్తి స్ఫురించి, రెండు చేతులతోను చొక్కాజేబు గట్టిగా పట్టుకొంటిని. పెద్ద తెరమీద ఆ గోలును మరల చూపిరట. అప్పుడు నా మొగము వాని రొమ్ములో నుండెను. ఆటలో మరియొక గోలు పడలేదు.

తిరిగి వచ్చిన నాడు, డర్బనునుండి వచ్చిన నాకు మా బావమరది మంచముమీద నిలువబడి, ఆ గోలు కొట్టిన స్పెయిను ఆటగాడు పుయోలు ఎట్లు పరుగెత్తివచ్చెనో, ఎట్లు గాలిలోనికెగిరి తలతో బంతిని గొట్టెనో, జర్మను గోలీ ఎట్లు కొయ్యబారెనో, తలగడతో అభినయించి చూపెను. రాత్రి ఒంటిగంటన్నరకు, జంతికలు నములుచు, వాడు దానిని నాలుగు కోణములనుండి చూచినాడట. ముగించి, మంచము దిగి, "ఇంతకీ డబ్బు భద్రమేనా, బావగారూ?" అని అడిగెను.

ఎడమ మేజోడు విప్పి వాని ముందర లెక్కపెట్టితిని. పది నోట్లును ఉన్నవి.